అమెరికా పౌరుల సంతానానికి శాశ్వత నివాస హోదా

అమెరికా పౌరుల సంతానానికి శాశ్వత నివాస హోదా అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాల వలస చట్టంలోని ఒక ముఖ్యమైన విధానం. వేరొక దేశంలో పుట్టి, అమెరికాకు వలస వెళ్ళి, నేచురలైజేషన్ ద్వారా అక్కడి పౌరసత్వం స్వీకరించిన తల్లి గాని తండ్రి గాని, పౌరులు కాని తమ సంతానానికి ఆ దేశంలో స్థిరంగా నివసించే హక్కు ఇప్పించవలసినదిగా ప్రభుత్వానికి పిటిషను పెట్టుకోవచ్చు. ఈ హక్కుకు గుర్తుగా ఇచ్చే కార్డును వాడుకలో గ్రీన్ కార్డు అంటారు. సంతానం వయసు, వారి పెళ్ళి, తల్లిదండ్రులు పౌరసత్వ ప్రమాణం చేసిన తేదీ - ఈ మూడింటిని బట్టి ఇదే పని ఏడాది రెండేళ్ళలో పూర్తి కావచ్చు, పదిహేను ఇరవై ఏళ్ళు పట్టవచ్చు, కొన్ని సందర్భాలలో అసలు అవసరమే లేకపోవచ్చు.

నేపథ్యం

భారతదేశంలో పుట్టినవారికి అమెరికా పౌరసత్వం స్వీకరించే అవకాశం చాలాకాలం లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో వచ్చిన ల్యూస్-సెల్లర్ చట్టం ఈ నిషేధాన్ని తొలగించింది గాని, భారతదేశం నుండి ఏడాదికి 100 మంది మాత్రమే వలస రావడానికి అనుమతించింది. నేటికీ మూలాధారంగా ఉన్న వలస, జాతీయతా చట్టం 1952లో వచ్చింది. 1965లో దానికి చేసిన సవరణలు జాతి మూలాలను బట్టి వాటాలు పంచే పద్ధతిని రద్దుచేసి, కుటుంబ సంబంధాలకు పెద్దపీట వేశాయి. ఆంధ్ర ప్రాంతం నుండి వైద్యులు, ఇంజనీర్లు చెప్పుకోదగిన సంఖ్యలో అమెరికా వెళ్ళడం ఈ సవరణల తరువాతనే మొదలయింది. ఇప్పుడు అమలులో ఉన్న వీసాల సంఖ్యలు 1990 నాటి చట్టం నిర్ణయించినవి. 2003 మార్చి వరకు ఈ దరఖాస్తులన్నిటినీ ఐ.ఎన్.ఎస్. అనే సంస్థ చూసేది. ఆ తరువాత హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ క్రింద ఏర్పడిన యు.ఎస్.సి.ఐ.ఎస్. చూస్తున్నది.

చట్టంలో "బిడ్డ" అనగా ఎవరు

తెలుగులో ఎంత వయసు వచ్చినా బిడ్డ బిడ్డే. అమెరికా వలస చట్టంలో అలా కాదు. 21 ఏళ్ళు నిండని, పెళ్ళికాని వ్యక్తి మాత్రమే "బిడ్డ". ఆ వయసు దాటినా, పెళ్ళి అయినా చట్టం వారిని "కుమారుడు", "కుమార్తె" అని మాత్రమే వ్యవహరిస్తుంది. ఈ రెండు మాటల మధ్య తేడా కేవలం భాషకు సంబంధించినది కాదు. మొదటి మాటకు వీసా కోసం నిరీక్షణ లేదు, రెండవ మాటకు ఏళ్ళ తరబడి నిరీక్షణ ఉన్నది. ఈ వ్యాసంలో కూడా "బిడ్డ" అన్న మాటను ఇకపై చట్టం చెప్పే అర్థంలోనే వాడడమైనది.

సవతి బిడ్డలకు కూడా ఈ నిర్వచనం వర్తిస్తుంది. అయితే బిడ్డకు 18 ఏళ్ళు నిండకముందే ఆ తల్లిదండ్రుల వివాహం జరిగి ఉండాలి. దత్తత విషయంలో బిడ్డకు 16 ఏళ్ళు నిండకముందే దత్తత పూర్తి కావాలి, దత్తు తీసుకొన్నవారితో కలిసి రెండేళ్ళు నివసించి ఉండాలి, రెండేళ్ళ చట్టబద్ధ సంరక్షణ కూడా ఉండాలి. బంధువుల బిడ్డను ఇంట్లో పెంచుకోవడం మన కుటుంబాలలో మామూలే. కాని కోర్టులో గాని రిజిస్ట్రారు వద్ద గాని చట్టబద్ధమైన దత్తత జరగని పెంపకానికి ఈ చట్టంలో విలువ లేదు. వివాహేతర సంబంధం వలన పుట్టిన బిడ్డ కోసం తండ్రి పిటిషను పెడితే, బిడ్డకు 21 ఏళ్ళు నిండకముందే తండ్రీబిడ్డల మధ్య నిజమైన అనుబంధం ఉండేదని చూపించాలి.

శ్రేణులు

పౌరుల సంతానం మూడు శ్రేణులలో ఏదో ఒకదానిలోకి వస్తారు.

మొదటిది సన్నిహిత బంధువుల శ్రేణి. పౌరుల భార్య లేక భర్త, పైన చెప్పిన నిర్వచనానికి సరిపోయే బిడ్డలు, 21 ఏళ్ళు నిండిన పౌరుల తల్లిదండ్రులు దీనిలోకి వస్తారు. ఏడాదికి ఇన్ని అన్న పరిమితి ఈ శ్రేణికి లేదు. పిటిషను పరిశీలనకు, పత్రాలకు, ముఖాముఖికి పట్టే సమయమే నిరీక్షణ.

21 ఏళ్ళు నిండి, పెళ్ళికాని కుమారులు, కుమార్తెలు కుటుంబ ప్రాధాన్యతలలో మొదటి శ్రేణిలోకి (ఎఫ్-1) వస్తారు. దీనికి ఏడాదికి 23,400 వీసాలు, వాటితో పాటు నాలుగవ శ్రేణిలో మిగిలిపోయినవి కేటాయిస్తారు. పెళ్ళయిన కుమారులు, కుమార్తెలు ఏ వయసువారైనా మూడవ శ్రేణిలోకి (ఎఫ్-3) వస్తారు. దీనికి కూడా 23,400 వీసాలే. వీటికి తోడు ఏ ఒక్క దేశానికీ మొత్తంలో ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం ఉన్నది. అందువలన 2025 నాటి వీసా బులెటిన్ల ప్రకారం భారతదేశంలో పుట్టినవారికి ఎఫ్-1లో సుమారు తొమ్మిదేళ్ళు, ఎఫ్-3లో సుమారు పద్నాలుగేళ్ళ క్రితం పెట్టిన పిటిషన్లకు వంతు వచ్చింది. మెక్సికో, ఫిలిప్పీన్స్ దేశాల వారి నిరీక్షణ ఇంతకంటె ఎక్కువ. కుటుంబ శ్రేణులలో భారతీయుల నిరీక్షణ చాలావరకు మిగతా ప్రపంచంతో సమానంగానే ఉంటుంది. ఉద్యోగ శ్రేణుల సంగతి వేరు, దానిని క్రింద చూడవచ్చు.

పిటిషను ప్రభుత్వానికి చేరిన తేదీని ప్రాధాన్యతా తేదీ అంటారు. విదేశాంగ శాఖ ప్రతినెలా ప్రకటించే వీసా బులెటిన్‌లోని తేదీ దీనిని దాటినప్పుడు వంతు వచ్చినట్లు లెక్క. బులెటిన్ తేదీలు ఎప్పుడూ ముందుకే నడవవు, ఒక్కొక్కప్పుడు వెనక్కి కూడా జరుగుతాయి.

శాశ్వత నివాసి అయి ఇంకా పౌరులు కాని తల్లిదండ్రులు కూడా పిటిషను పెట్టవచ్చు. వారి భార్య లేక భర్త, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని బిడ్డలు ఎఫ్-2ఎ శ్రేణిలోను, 21 దాటిన పెళ్ళికాని సంతానం ఎఫ్-2బి శ్రేణిలోను ఉంటారు. శాశ్వత నివాసులకు పెళ్ళయిన సంతానం కోసం పిటిషను పెట్టే శ్రేణి ఏదీ లేదు. ఈ లోటు వలన ఎన్నో కుటుంబాలు చిక్కులలో పడ్డాయి.

తల్లిదండ్రుల ప్రమాణం రోజున జరిగే మార్పులు

శాశ్వత నివాసిగా ఐదేళ్ళు (పౌరులను పెళ్ళాడి, వారితో కలిసి జీవిస్తున్నవారు మూడేళ్ళు) గడిపిన వ్యక్తి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు ఆమోదం పొంది, ప్రమాణ స్వీకారం చేసిన నాడు ఆ వ్యక్తి పౌరుడవుతాడు. సంతానం హోదా కూడా సరిగ్గా ఆ తేదీ నుండే మారుతుంది. దరఖాస్తు పెట్టిన తేదీకి గాని, ముఖాముఖి జరిగిన తేదీకి గాని ఈ విషయంలో ప్రాముఖ్యం లేదు.

బిడ్డ అప్పటికే గ్రీన్ కార్డుతో అమెరికాలో తల్లిదండ్రులతో ఉంటూ, 18 ఏళ్ళు నిండకుండా ఉంటే, వేరే దరఖాస్తు ఏదీ లేకుండానే బిడ్డ కూడా పౌరుడవుతాడు.

బిడ్డ 21 ఏళ్ళలోపు ఉండి, ఎఫ్-2ఎ పిటిషను పెండింగులో ఉంటే, అది తనంతట తానే సన్నిహిత బంధువు పిటిషనుగా మారుతుంది. ప్రమాణం చేసిన తేదీన ఉన్న వయసే బిడ్డ వయసుగా స్థిరపడిపోతుంది. తరువాత 21 నిండినా ఇబ్బంది లేదు, పెళ్ళి మాత్రం కాకూడదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఎఫ్-2ఎలో భార్య పేర ఒక పిటిషను పెడితే బిడ్డలు ఆమె వెంట వీసాకు అర్హులవుతారు. సన్నిహిత బంధువుల శ్రేణిలో ఇలా వెంట వచ్చేవారికి చోటు లేదు. కావున భర్త పౌరసత్వం స్వీకరించిన మరుక్షణం నుండి ప్రతి బిడ్డకూ విడివిడిగా పిటిషను ఉండి తీరాలి. ఈ సంగతి ముఖాముఖి నాడు తెలిసి, తల్లికి వీసా వచ్చి బిడ్డలకు రాకుండా వెనుదిరిగే పరిస్థితి తలెత్తవచ్చు. ప్రమాణానికి ముందే అందరి పేర్లా పిటిషన్లు వేయడం మేలు.

సంతానం 21 దాటి ఎఫ్-2బిలో ఉంటే, పిటిషను ఎఫ్-1గా మారుతుంది, ప్రాధాన్యతా తేదీ పాతదే ఉంటుంది. సాధారణంగా ఇది లాభమే. కాని కొన్ని దేశాలవారికి, ముఖ్యంగా ఫిలిప్పీన్స్ వారికి, ఎఫ్-1 నిరీక్షణ ఎఫ్-2బి కంటె ఎక్కువగా ఉన్న కాలాలు ఉన్నాయి. తల్లిదండ్రులు పౌరులు కావడమే బిడ్డకు నష్టంగా పరిణమించే ఈ విచిత్ర పరిస్థితిని సరిదిద్దడానికి, మార్పు వద్దని వ్రాతపూర్వకంగా కోరే హక్కును 2002లో కల్పించారు.

పెళ్ళి

ఈ విధానం మొత్తంలో తెలుగు కుటుంబాలు అన్నిటికంటె జాగ్రత్తగా గమనించవలసినది పెళ్ళి తేదీ. తల్లి గాని తండ్రి గాని ఇంకా శాశ్వత నివాసిగానే ఉండగా, ఎఫ్-2ఎ లేక ఎఫ్-2బి పిటిషను నడుస్తున్న కుమార్తెకు పెళ్ళి జరిగితే, ఆ పిటిషను అప్పటికప్పుడే రద్దయిపోతుంది. ఏళ్ళ తరబడి వేచి ఉన్న ప్రాధాన్యతా తేదీ కూడా దానితోనే పోతుంది. తరువాత విడాకులు తీసుకొన్నా పాత పిటిషను తిరిగి బ్రతకదు. తల్లిదండ్రులు పౌరులైన పిమ్మట ఎఫ్-3లో కొత్తగా పిటిషను వేసుకొని వరుసలో చివర నిలబడవలసిందే.

అదే పెళ్ళి ప్రమాణ స్వీకారం తరువాత జరిగితే పిటిషను రద్దు కాదు. ఎఫ్-1 నుండి (లేక సన్నిహిత బంధువు శ్రేణి నుండి) ఎఫ్-3కి మారుతుంది, ప్రాధాన్యతా తేదీ నిలుస్తుంది. నిరీక్షణ పెరుగుతుంది గాని అల్లుడు, మనుమలు కూడా అదే పిటిషను మీద రావచ్చు. అంటే పెళ్ళి ముహూర్తం ప్రమాణానికి ఒక రోజు ముందా, ఒక రోజు తరువాతా అన్నదాని మీద దశాబ్ద కాలం ఆధారపడి ఉండవచ్చు. పంచాంగం చూసే పెద్దలు ఈ తేదీని కూడా చూసుకోవడం మంచిది. నిశ్చితార్థానికి ఈ నియమం వర్తించదు. చట్టప్రకారం చెల్లే వివాహమే లెక్కలోకి వస్తుంది. హిందూ వివాహ చట్టం క్రింద శాస్త్రోక్తంగా జరిగిన పెళ్ళి, రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది. కనుక రిజిస్ట్రేషను చేయించలేదు కాబట్టి పెళ్ళి కానట్లేనని అనుకొని ముఖాముఖిలో అవివాహితులమని చెప్పడం అబద్ధం చెప్పడమే అవుతుంది. వీసా కోసం అసత్యం చెప్పినవారిపై జీవితకాల నిషేధం పడే అవకాశమున్నది.

వయసు లెక్క

2002 ఆగస్టు 6న అమలులోకి వచ్చిన బాలల హోదా పరిరక్షణ చట్టానికి ముందు, ప్రభుత్వ కార్యాలయాలలో ఆలస్యం జరిగి బిడ్డకు 21 నిండితే ఆ నష్టం బిడ్డే భరించవలసి వచ్చేది. ఈ చట్టం రెండు వేర్వేరు పద్ధతులు తెచ్చింది.

పౌరులు నేరుగా పెట్టిన పిటిషనులో బిడ్డ వయసు, పిటిషను పెట్టిన రోజుననే ఆగిపోతుంది. 20 ఏళ్ళ 11 నెలల వయసులో పిటిషను పెడితే, అది ఆమోదం పొందేసరికి 22 వచ్చినా, పెళ్ళికాకుండా ఉంటే చట్టం దృష్టిలో ఇంకా బిడ్డే.

శాశ్వత నివాసులు పెట్టిన ఎఫ్-2ఎ పిటిషనులో లెక్క వేరు. వీసాకు వంతు వచ్చిన నాటి అసలు వయసు నుండి, పిటిషను ఆమోదానికి పట్టిన కాలాన్ని తీసివేస్తారు. ఉదాహరణకు, ఒక తల్లి పెట్టిన పిటిషను ఆమోదానికి 14 నెలలు పట్టింది. వంతు వచ్చేనాటికి కుమార్తె వయసు 22 ఏళ్ళ 1 నెల. 14 నెలలు తీసివేయగా 20 ఏళ్ళ 11 నెలలు మిగిలింది, అనగా ఆమె ఇంకా బిడ్డే. అయితే వంతు వచ్చిన ఏడాదిలోగా శాశ్వత నివాసం కోసం ప్రయత్నం ప్రారంభించాలి.

ఇప్పుడు ఆ తల్లి, వంతు రాకముందే, కుమార్తె అసలు వయసు 21 ఏళ్ళ 6 నెలలుండగా పౌరసత్వ ప్రమాణం చేసిందనుకొందాము. ప్రమాణం నాటి వయసే లెక్క కాబట్టి కుమార్తె 21 దాటింది, ఎఫ్-1లో ఏళ్ళ తరబడి వేచి ఉండాలి అని వలస అప్పీళ్ళ బోర్డు 2011లో జమోరా-మొలీనా కేసులో నిర్ణయించింది. తల్లి పౌరురాలు కాకుండా ఉన్నట్లయితే కుమార్తెకు ముందే వీసా వచ్చి ఉండేదన్నమాట. ఈ అసంబద్ధతను తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2018లో తోవార్ కేసులోను, రెండవ సర్క్యూట్ కోర్టు 2021లో కట్‌హిల్ కేసులోను అంగీకరించలేదు. ప్రమాణం నాటి వయసు నుండి కూడా పిటిషను పెండింగులో ఉన్న కాలాన్ని తీసివేయాలని తీర్పు చెప్పాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు మొదటి కోర్టు పరిధిలోను, న్యూయార్క్ రెండవ కోర్టు పరిధిలోను ఉన్నాయి. 20, 21 ఏళ్ళ వయసు గల సంతానం ఉన్నవారు ప్రమాణానికి తేదీ రాకముందే న్యాయవాదితో ఈ లెక్క వేయించుకోవలసి ఉంటుంది.

హెచ్-4 సంతానం సమస్య

తెలుగువారికి ఈ చట్టంతో పని పడడానికి ముఖ్య కారణం ఉద్యోగ శ్రేణులలోని నిరీక్షణ. హెచ్-1బి వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రుల వెంట బిడ్డలు హెచ్-4 వీసా మీద వెళతారు. భారతదేశంలో పుట్టినవారికి ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు రావడానికి పదేళ్ళకు పైగా పడుతున్నది. ఈలోపు బిడ్డకు 21 నిండితే హెచ్-4 హోదా పోతుంది, తల్లిదండ్రుల దరఖాస్తులోని భాగమూ పోతుంది. మూడేళ్ళ వయసులో హైదరాబాదు నుండో విజయవాడ నుండో వెళ్ళి, అమెరికా బడిలోనే చదివిన పిల్లలు విద్యార్థి వీసాకు మారడమో, తాము ఎరుగని దేశానికి తిరిగి రావడమో చేయవలసి వస్తున్నది.

తరువాత తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు వచ్చినప్పుడు 21 దాటిన కుమారుని కోసం ఎఫ్-2బి పిటిషను పెట్టవచ్చు. ఐదేళ్ళకు వారు పౌరులయితే అది ఎఫ్-1 అవుతుంది. కాని ఉద్యోగ శ్రేణిలోని పాత ప్రాధాన్యతా తేదీ ఈ కొత్త పిటిషనుకు రాదు. ఇటువంటి బదిలీ కుదరదని వలస అప్పీళ్ళ బోర్డు 2009లో చెప్పిన భాష్యాన్ని సుప్రీం కోర్టు 2014లో క్వెల్లార్ డి ఒసోరియో కేసులో సమర్థించింది. ఆ కేసు నిజానికి కుటుంబ శ్రేణులకు సంబంధించినదైనా, దాని ప్రభావం ఉద్యోగ శ్రేణుల వారి మీద కూడా పడింది.

వయసు లెక్కకు బులెటిన్‌లోని రెండు పట్టికలలో ఏది తీసుకోవాలన్నది కూడా మారుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో యు.ఎస్.సి.ఐ.ఎస్. ముందుగా వంతు వచ్చే "దరఖాస్తు తేదీల" పట్టికను అనుమతించగా చాలామంది పిల్లలు బయటపడ్డారు. 2025 ఆగస్టు 15 నుండి పెట్టే దరఖాస్తులకు మళ్ళీ "తుది చర్య తేదీల" పట్టికనే వాడాలని నిర్ణయించారు. చట్టబద్ధంగా వచ్చి పెరిగిన ఇటువంటి పిల్లలకు శాశ్వత నివాసం ఇవ్వాలని 2021లోను, 2023లోను అమెరికా కాంగ్రెసులో బిల్లులు ప్రవేశపెట్టారు గాని అవి చట్టాలు కాలేదు.

దరఖాస్తు విధానం

తల్లి లేక తండ్రి ఐ-130 అనే ఫారంలో పిటిషను పెడతారు. 2024 ఏప్రిల్ 1న రుసుము కాగితంపై పెడితే 675 డాలర్లుగా, ఆన్‌లైన్‌లో పెడితే 625 డాలర్లుగా నిర్ణయించారు. పౌరసత్వ ధ్రువపత్రం లేక అమెరికా పాస్‌పోర్టు, బిడ్డ జనన ధ్రువపత్రం, తండ్రి పిటిషనుదారయితే వివాహ ధ్రువపత్రం జతచేయాలి.

బిడ్డ అమెరికాలోనే ఉండి, అధికారి పరిశీలన తరువాత చట్టబద్ధంగా ప్రవేశించి ఉంటే, ఐ-485 ఫారం ద్వారా అక్కడే హోదా మార్చుకోవచ్చు. సన్నిహిత బంధువులు ఐ-130, ఐ-485 రెండూ ఒకేసారి వేయవచ్చు. వీసా గడువు మీరినా, అనుమతి లేకుండా పనిచేసినా వీరిని ఆ కారణాన తిరస్కరించరు. ఎఫ్-1, ఎఫ్-3 వారికి ఈ మినహాయింపు లేదు, హోదా నిలుపుకొంటూ రావలసినదే. కావున 21 ఏళ్ళ గీతకు ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అన్నది ఇక్కడ కూడా ప్రధానమే.

బిడ్డ భారతదేశంలో ఉంటే, ఆమోదం పొందిన పిటిషను నేషనల్ వీసా సెంటరుకు వెళుతుంది. అక్కడ రుసుములు కట్టి, డి.ఎస్.-260 ఫారం నింపి, పత్రాలు సమర్పించిన తరువాత ముఖాముఖికి తేదీ ఇస్తారు. హైదరాబాదులో 2008లో అమెరికా కాన్సులేటు ప్రారంభమైనా, వలస వీసాల ముఖాముఖి ముంబాయిలో జరుగుతుంది. దానికి ముందు నిర్ణీత వైద్యుల వద్ద ఆరోగ్య పరీక్ష, టీకాలు పూర్తి చేసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో కరోనా కారణంగా వెలువడిన అధ్యక్ష ప్రకటన ఎఫ్-1, ఎఫ్-3 వంటి శ్రేణుల వీసాలను నిలిపివేసింది. 21 ఏళ్ళలోపు బిడ్డలకు మినహాయింపునిచ్చింది. ఆ ప్రకటనను 2021 ఫిబ్రవరి 24న ఉపసంహరించారు.

పిటిషనుదారు ఐ-864 ఫారంలో పోషణ హామీ కూడా ఇవ్వాలి. ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి, చాలనప్పుడు మరొకరు కలిసి హామీ ఇవ్వవచ్చు. ఇది నామమాత్రపు సంతకం కాదు. వలస వచ్చిన వ్యక్తి పౌరుడయ్యే వరకు గాని, సుమారు పదేళ్ళ పనికి సమానమైన 40 త్రైమాసికాలు పూర్తిచేసే వరకు గాని, దేశం విడిచి స్థిరంగా వెళ్ళిపోయే వరకు గాని, మరణించే వరకు గాని ఈ బాధ్యత కొనసాగుతుంది. దేశంలో అడుగుపెట్టగానే పౌరులయ్యే 18 ఏళ్ళలోపు బిడ్డలకు ఈ హామీ అవసరం లేదు.

జనన ధ్రువపత్రాలు, పేర్లు

తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళే దరఖాస్తులలో ఎక్కువ చిక్కులు జనన ధ్రువపత్రం దగ్గరే వస్తాయి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా గ్రామాలలో చాలాకాలం పుట్టుకలు నమోదు చేయించేవారు కారు. నమోదైనా బిడ్డ పేరు లేకుండా "మగ శిశువు", "ఆడ శిశువు" అని ఉండడం సాధారణం. ఇటువంటప్పుడు మునిసిపాలిటీ లేక పంచాయతీ రికార్డులో పేరు చేర్పించుకోవాలి. అసలు నమోదే లేకపోతే, లేదని తెలిపే ధ్రువపత్రం తీసుకొని, పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు, పదవ తరగతి ధ్రువపత్రం వంటివి జతచేస్తారు. అప్పటికీ సందేహముంటే అధికారులు డి.ఎన్.ఎ. పరీక్ష చేయించుకోమని సూచించవచ్చు.

బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు సుమారుగా వేసిన పుట్టినతేదీ మరొక తలనొప్పి. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక తేదీ, మునిసిపాలిటీ రికార్డులో మరొక తేదీ ఉంటే, 21 ఏళ్ళ లెక్క ఏ తేదీ నుండి వేయాలన్న ప్రశ్న వస్తుంది. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా, మరొకచోట పూర్తిగా, ఇంకొకచోట చివర ఉండడం, పెళ్ళి తరువాత తల్లి ఇంటిపేరు మారడం కూడా సంబంధం నిరూపించడానికి అడ్డు వస్తాయి. ఈ తేడాలను పాస్‌పోర్టు దశలోనే సరిచేసుకోవడం తేలిక.

ఇతర అడ్డంకులు

1996 నాటి చట్టం ప్రకారం అమెరికాలో 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్ళిపోయినవారికి మూడేళ్ళు, ఏడాది లేక అంతకు మించి ఉన్నవారికి పదేళ్ళు పునఃప్రవేశం నిషిద్ధం. 18 ఏళ్ళు నిండని కాలాన్ని ఈ లెక్కలో కలపరు. గడువు మీరి ఉన్న సన్నిహిత బంధువు అక్కడే హోదా మార్చుకోగలిగినా, ఏదో ఒక పండుగకని దేశం దాటితే ఈ నిషేధం మీద పడుతుంది.

సవతి బిడ్డకు గ్రీన్ కార్డు వచ్చేనాటికి తల్లిదండ్రుల వివాహం జరిగి రెండేళ్ళు కాకుంటే, రెండేళ్ళ షరతులతో కూడిన హోదా మాత్రమే ఇస్తారు. గడువు ముగిసే ముందు 90 రోజులలో ఐ-751 ద్వారా షరతులు తొలగించుకోవాలి. పౌరుడైన తల్లి లేక తండ్రి బిడ్డను హింసిస్తూ పిటిషను పెట్టడానికి నిరాకరిస్తే, 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం క్రింద బిడ్డ స్వయంగా పిటిషను పెట్టుకొనే వీలున్నది.

శాశ్వత నివాసం నుండి పౌరసత్వానికి

2001 ఫిబ్రవరి 27న అమలులోకి వచ్చిన బాలల పౌరసత్వ చట్టం ప్రకారం నాలుగు సంగతులు ఒకే సమయంలో కలిసివస్తే బిడ్డ ఆ క్షణాన పౌరుడవుతాడు: తల్లి లేక తండ్రి పౌరులై ఉండడం, బిడ్డకు 18 నిండకపోవడం, బిడ్డకు శాశ్వత నివాస హోదా ఉండడం, ఆ తల్లి లేక తండ్రి సంరక్షణలో వారితో అమెరికాలో నివసించడం. ఏది ముందు జరిగినదన్నది ముఖ్యం కాదు. అంతకుముందున్న నియమం ప్రకారం సాధారణంగా తల్లిదండ్రులిద్దరూ పౌరసత్వం స్వీకరించి ఉండాలి. కొత్త చట్టం దానిని ఒక్కరికి తగ్గించింది. అయితే ఆనాటికే 18 నిండినవారికి ఇది వర్తించదు. సవతి బిడ్డలకు కూడా, దత్తత తీసుకొంటే తప్ప, వర్తించదు.

ఇండియాలో అమ్మమ్మ తాతయ్యల వద్ద పెరుగుతున్న పదహారేళ్ళ కుమారుడు వలస వీసా మీద వచ్చి తండ్రితో నివసించడం మొదలుపెడితే, ప్రవేశించిన రోజునే పౌరుడవుతాడు. అదే కుమారుడు 18 నిండిన మరునాడు వస్తే శాశ్వత నివాసి మాత్రమే అవుతాడు, ఐదేళ్ళు ఆగి స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. గ్రీన్ కార్డున్న కుటుంబాలలో తల్లిదండ్రులు పౌరసత్వ దరఖాస్తును వాయిదా వేస్తూ ఉండగా బిడ్డకు 18 నిండిపోవడం కూడా ఇటువంటిదే.

ఈ విధంగా వచ్చిన పౌరసత్వానికి కాగితం దానంతట అదే చేతికి రాకపోవచ్చు. నిరూపణకు ఎన్-600 ద్వారా పౌరసత్వ ధ్రువపత్రం గాని, అమెరికా పాస్‌పోర్టు గాని తీసుకోవాలి. పాస్‌పోర్టుకు ఖర్చు తక్కువ, కాని దానికి గడువుంటుంది, ధ్రువపత్రానికి గడువు లేదు.

తల్లి లేక తండ్రి పౌరులైన తరువాత భారతదేశంలో పుట్టిన బిడ్డకు ఈ విధానమే అవసరం లేకపోవచ్చు. దంపతులలో ఒకరే పౌరులైనప్పుడు, ఆ వ్యక్తి బిడ్డ పుట్టకముందు అమెరికాలో మొత్తం ఐదేళ్ళు, అందులో 14 ఏళ్ళ వయసు తరువాత రెండేళ్ళు ఉండి ఉంటే, బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. కాన్సులేటులో జననాన్ని నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకొంటే చాలు.

భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. అందువలన అమెరికా పౌరులైనవారు భారత పాస్‌పోర్టును తిరిగి అప్పగించవలసి ఉంటుంది. రాకపోకలకు వీలుగా వీరు ఓవర్సీస్ సిటిజెన్ ఆఫ్ ఇండియా కార్డు తీసుకొంటారు. ఈ పథకం 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సమావేశాలలోనే ప్రారంభమైనది. పేరులో సిటిజెన్ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదు. ఓటు హక్కు గాని, వ్యవసాయ భూమి కొనుగోలు చేసే హక్కు గాని దీని వలన రావు.